కళ్లకద్దుకున్న కరపత్రం

నిన్న ఉదయం తమిళ నేల మీది తుడియలూరులో బస్సు దిగగానే ఏదో వర్క్‌షాపులోంచి వేడి వార్నిష్ వాసన వచ్చి గొంతు పట్టుకుంది. కాలిన మోటారుకు కొత్త రాగితీగ చుట్టి, వార్నిష్‌లో ముంచి ఆరబెట్టేటప్పుడు పుట్టే ఘాటు అది. ఆ ఘాటు వెంట అలమేలమ్మ వచ్చి నా ఎదుట నిలిచింది. బావి మోటార్లు బాగుచేసే చిన్న దుకాణానికి ఆమె యజమానురాలు. భర్త పోయిన తరువాత ఆయన కుర్చీలో కూర్చున్నది. ఐదో తరగతి దాటని మనిషి. తెలుగు బోధించి పదవీ విరమణ చేసిన నేను, ఫోను ఎత్తడానికీ మోటార్లకు పేర్ల చీటీలు కట్టడానికీ ఆమె దగ్గర కుదిరాను. నాకు భాష నేర్పినవారు పండితులు. ఆ భాష ఎవరి కోసమన్నది నేర్పినది ఆమె.

రహదారి మీద పెద్ద షోరూములు వెలిసిన ఏడాది మా దుకాణానికి మోటార్లు రావడం సన్నగిల్లింది. “ఈ ఎండాకాలం దాకా చూస్తా వాద్యారయ్యా. అప్పరం షట్టరు దించేస్తా” అన్నది అలమేలమ్మ. దించితే, ఏళ్ల తరబడి మా దగ్గర తీగ చుడుతున్న సుబ్బణ్ణకూ ఆయన తమ్ముడికీ వేరొక పని తెలియదు. ఆమె మేనల్లుడు దుకాణం ఫొటోలను ఫోను మ్యాపులో పెట్టాడు. కాని బావులున్న కారమడై పల్లెల పెద్దలు మ్యాపులు వెతికేవారు కారు. వారంతా మన తెలుగువారే కదా, కరపత్రం నేను రాస్తానన్నాను. సీసపద్యంతో ఆరంభించి, జలధారను కీర్తించి, సస్యలక్ష్మిని ఆహ్వానించి, తెలుగు లిపిలో ఒక కట్ట అచ్చు వేయించాను.

శనివారం నాడు కారమడై రంగనాథుని గుడి వీధిలో నిలబడి స్వయంగా పంచాను. ఒక ముసలి రైతు కాగితం అందుకొని, అటూ ఇటూ తిప్పి, భక్తితో కళ్లకద్దుకున్నాడు.

“సామి కాయితమా, అయ్యా?”

“కాదు, మోటారు దుకాణం ప్రకటన.”

“అట్లనా! మాకు తెలుగు మాట్లాడను తెలుసు, చదవను తెలీదు. బళ్లో అరవమే గదా. ఉండనీండి, పూజగూట్లో పెట్టుకుంటా.”

వారం గడిచినా ఒక్క ఫోనూ రాలేదు. తరతరాలుగా ఇంట తెలుగు పలుకుతూ, బడిలో తమిళం చదివిన కుటుంబాలవి. వారిలోనే పుట్టి పెరిగిన నేను, నా పద్యం మీది మమకారంలో ఆ సంగతే మరచిపోయాను.

తల వంచుకొని జరిగినది చెప్పాను. అలమేలమ్మ నవ్వింది. “పోనీండి, మన దుకాణానికి దినమూ కర్పూరం వెలిగిస్తా ఉంటారు.” తరువాత నెమ్మదిగా అన్నది: “మన మాట వాళ్ల చెవిలో ఉండాది, కంట్లో లేదు. మీరు చదవండి, నేను మీ గొంతు ఫోన్లో పట్టుకుంటా.”

పద్యం ఎత్తుకున్నాను. రెండో పాదంలోనే చెయ్యి అడ్డుపెట్టింది.

“ఇది పెండ్లిలో పాడండి. మోటారు కాలి, అరటి వాడిపోతా ఉండే మనిషికి ఏం చెప్తారు?”

నలభై ఏళ్లు పాఠాలు చెప్పిన నేను పద్యం కాగితం మడిచి పక్కన పెట్టాను. తరువాత పలికాను: “మోటారు కాలిందా? తుడియలూరికి ఎత్తుకొని రాండి. అయ్యేదుంటే మూడు దినాల్లో చేసిస్తాం. కాదంటే చూసిన పూటే కాదని చెప్తాం.”

“ఆ! ఇది మాట” అన్నది.

ఆ మాటనే తమిళంలో పల్లెల గోడల మీద రాయించి, కింద ఫోను నంబరు వేయించింది. ఆ నంబరుకు మిస్డ్ కాల్ ఇచ్చినవారికి వాట్సాప్‌లో నా గొంతు తెలుగులో వెళ్లేది. మ్యాపులో ఫొటోల కిందా అదే మాట. అక్కడ మాత్రం ‘ఒక్క దినంలో’ అని పెడదామన్నాడు మేనల్లుడు. “గోడ ఒకటి, ఫోను ఒకటి చెప్తే మనిషి రెండూ నమ్మడురా” అని ఆమె వారించింది.

మొదట ఫోను చేసినది, కొడుకు ఫోనులో నా గొంతు విన్న ఒక వృద్ధురాలు. “మా ఇంట్లో మాట ఫోన్లో వస్తా ఉండాదే! ఎవురు నాయనా నువ్వు?” అన్నది. మరునాడే ఆ కొడుకు మోటారు తెచ్చాడు. అతని వెనుక ఆ ఊరివారు వచ్చారు. ఎండాకాలం దాటింది, షట్టరు దిగలేదు.

రెండేళ్ల క్రితం అలమేలమ్మ కన్నుమూసింది. దుకాణాన్ని సుబ్బణ్ణ సోదరులే నడుపుతున్నారు. నాకు మిగిలినది ఒక అలవాటు. ఏది రాసినా, అచ్చుకు పంపే ముందు, తెలుగు చదవలేని ఒకరికి చదివి వినిపిస్తాను. ఈ పుటలను సుబ్బణ్ణకు వినిపించాను. ఆమె పోయిన దినాన్ని నేను వర్ణించిన చోట ఆయన పని ఆపి, “అంత పొడుగ్గా చెప్పొద్దండి, అయ్యా. పోయింది, అంతే” అన్నాడు.

ఆ పేరా ఇక్కడ లేదు.