కంఠస్థం చేసిన కంపైలర్

కంపైలర్లు రాయడం నేర్చుకోవాలంటే ఏ పుస్తకం మంచిదని కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చేదే కంపైలర్. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా తొంభైల చివర్లో, బెంగళూరులో, నాకు తగిలిన దెబ్బ గుర్తొస్తుంది.

అప్పట్లో మా కంపెనీలో నాది టెస్టింగు పని. కంపైలర్ టీములో ఒక చోటు ఖాళీ అయింది. ఆ టీము లీడరు తాతల కాలం నుంచీ బెంగళూరులోనే ఉన్న తెలుగాయన. ఆ టీములోకి రావాలని ఉందని నేనంటే, "నేర్చుకోని రాప్పా. క్రిస్మస్ దాకా చూస్తా. అప్పటికీ రాలేదంటే బయటినుంచి ఎవురినన్నా తీసుకుంటా" అన్నారు.

ఎక్కడ నేర్చుకోవాలి? ఇంటర్నెట్ సెంటరులో వెతికితే దొరికినవి సగంలో ఆగిపోయిన పాఠాలు, ఎవరివో కాలేజీ నోట్సు. చివరికి తోటి ఉద్యోగి ఒకాయన లావుపాటి పాఠ్యపుస్తకం జిరాక్సు ఇచ్చాడు. ఈ విద్యకు ఇదే ప్రమాణం అన్నాడు. నాకు ఆ మాట చాలు.

నాకు చదవడం నేర్పింది చర్చిలోని సండే స్కూలు. బైబిలును మొదటి అధ్యాయం నుంచి, వరుస తప్పకుండా, రోజుకు కొంత కంఠస్థం చేయాలి. అర్థాన్ని దేవుడే తన సమయంలో తెరుస్తాడు. ఈ పుస్తకాన్నీ అలాగే పట్టాను. తెల్లవారుజామున ప్రార్థన, వాక్యం, ఆ తర్వాత కంపైలర్. ఆఫీసుకు వెళ్లేందుకు కె.ఆర్.పురంలో బస్సెక్కి కళ్లు మూసుకుని వల్లించుకునేవాణ్ని.

ఆదివారం చర్చి కూడికలో, కంపైలర్ విషయంలో నా కోసం ప్రార్థించమని అందరికీ మనవి చేసుకున్నాను. ఆరాధన అయ్యాక ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఆ కంపైలర్ ఎక్కడ వచ్చింది నాయనా, కడుపులోనా? ఆపరేషన్ అన్నారా?"

"జబ్బు కాదమ్మా, ఉద్యోగం."

"ఏదైతేనేం, ఉపవాసముండి ప్రార్థిస్తాలే!"

క్రిస్మస్ ముందు లీడరు పిలిచి, కూడిక, గుణకారాల్లో ఏది ముందు చేయాలో కంపైలర్‌కు ఎలా తెలుస్తుందని ప్రశ్న వేశారు. నేను పుస్తకంలోని ఆ అధ్యాయం అందుకున్నాను. రెండో పేజీలోకి వెళ్లేసరికి ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆపప్పా. పుస్తకం నీ నోట్లో బాగానే ఉండాది. నువ్వు రాసిన కంపైలర్ ఎక్కడుండాది?"

అన్ని వారాల్లో ఒక్క లైను కూడా రాయలేదు. రాయాలన్న ఆలోచనే రాలేదు.

"కూడికలు, గుణకారాలు చేసే చిన్న కంపైలర్ చాలు. ఇక్కడే రాయి" అని కీబోర్డు నా ముందుకు జరిపారు. మొదటి లైను ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. ఆయన నవ్వారు.

"ఆ పుస్తకం నేనే పూర్తిగా చదవలేదు. మా టీములో ఎవురూ చదవలేదు."

దాన్ని అక్కడక్కడ తెరిచి చూసినవాళ్లు కంపైలర్లు రాస్తున్నారు. దాన్ని కంఠస్థం చేసిన నేను చేతులు ముడుచుకుని కూర్చున్నాను.

ఆయన ఒక ఫ్లాపీ ఇచ్చారు. ఎవరో బోధించడానికి రాసి, అందరికీ వదిలేసిన చిన్న కంపైలర్ అందులో ఉంది.

"సోమవారం రా. దీన్ని చదివేది వద్దు, చెడగొట్టు."

"చెడగొట్టాలా సార్?"

"ఒక్కో లైను తీసేసి ఏం చెడిపోతుందో చూడు. బెదురుతావేమప్పా, ఇదేమన్నా నీ బైబిలా!"

గ్రంథంలో ఒక పొల్లైనా తీయకూడదని పెరిగినవాణ్ని. శనివారం ఆఫీసులో కూర్చుని, ప్రార్థించి, గుణకారానికి ముందు వంతు ఇచ్చే లైనును తీసేశాను. 2 + 3 × 4 అని ఇచ్చాను. మూడు నాలుగులు పన్నెండు, రెండు కలిపితే పద్నాలుగు రావాలి. ఇరవై వచ్చింది.

కంపైలర్ ఆగిపోలేదు, తప్పని చెప్పలేదు. అబద్ధాన్ని నిజమంత నిబ్బరంగా చెప్పింది. నేను వల్లించిన అధ్యాయం దీని గురించేనని అప్పుడు తెలిసింది. ఆ లైనును తిరిగి పెట్టి, ఇంకోటి తీశాను.

దేవుని వాక్యాన్ని ఈనాటికీ కంఠస్థం చేస్తాను. మనిషి చేసిన దాన్ని మాత్రం విప్పి చూడాలి. అలా చూసే బుద్ధీ ఆయనిచ్చిందే.

సోమవారం ఆ లైనును మళ్లీ తీసి చూపిస్తే, లీడరు తెరమీది ఇరవైని చూశారు.

"ఎందుకొచ్చింది?"

చెప్పాను. పుస్తకంలోని వాక్యం ఒక్కటీ నోటికి రాలేదు, అన్నీ నా మాటలే.

"ఇంకేమేం చెడగొట్టినావు?"

భోజనాల వేళ దాకా ఒక్కొక్కటే చెడగొట్టి చూపించాను. ఆయన లేచి, కిటికీ పక్కన ఎవరూ కూర్చోని టేబులు మీది పాత కాగితాలు తీసి నేలమీద పెట్టారు.

"నీ సామాను తెచ్చుకోప్పా" అన్నారు.