చంక దిగిన పిల్లవాడు

పిల్లలు కింద పడ్డ క్షణానికీ, గొంతెత్తి ఏడవడానికీ మధ్య ఒక చిన్న నిశ్శబ్దం ఉంటుంది. నిన్న సాయంత్రం హబ్సిగూడలో మా అపార్ట్‌మెంటు కింద అరుగు మీద కూర్చుని ఉండగా దాన్ని మళ్లీ విన్నాను. రెండేళ్ల పాప ఒకతె మూడు చక్రాల సైకిలు మీది నుంచి పక్కకు ఒరిగి సిమెంటు మీద బోర్లా పడింది. నోరు తెరుచుకుంది గానీ శబ్దం రాలేదు. ఆలోపే వాళ్లమ్మ, అమ్మమ్మ, వాచ్‌మన్ భార్య ముగ్గురూ పరుగెత్తారు. అమ్మమ్మ నేలను అరచేత్తో చరిచి, "దీన్ని కొట్టేశాలే బంగారూ" అంది. అప్పుడొచ్చింది ఏడుపు. ఆ నిశ్శబ్దం విన్నప్పుడల్లా నాకు రాఘవరెడ్డన్న గుర్తొస్తాడు. ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. పుస్తకాలు రాయలేదు, పదవులు చేయలేదు. అరవైల చివర్లో తార్నాకలో మా పక్క వాటాలో కాపురం ఉండేవాడు. నా కొడుకుకు నడక నేర్పింది ఆయన అంటే పొగిడినట్టుంటుంది. నేను వాణ్ని కిందికి దించడం మాత్రం ఆయన వల్లే జరిగింది.

మాది నంద్యాల దగ్గర ఒక పల్లె. మావారికి యూనివర్సిటీలో కెమిస్ట్రీ లెక్చరరుగా ఉద్యోగం రావడంతో హైదరాబాదు వచ్చాం. అప్పటికే మా మొదటి పాప పోయింది. పాకడం నేర్చిన కొత్తలోనే వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఊళ్లో బండి కట్టించి టౌనుకు బయల్దేరేలోపే అంతా అయిపోయింది. "నేల మీద ఏందో ఏరుకొని నోట్లో పెట్టుకొనుంటాదిలే" అని పరామర్శకు వచ్చిన ఒకామె అంది. ఆమె ఆ మాట అప్పుడే మరిచిపోయి ఉంటుంది, నేను మరవలేదు. తరవాత శ్రీను పుట్టాడు. నేను వాణ్ని నేల మీద పెట్టలేదు. ఒక చేత్తో వాణ్ని పట్టుకుని రెండో చేత్తో అన్నం వార్చేదాన్ని. స్నానానికి వెళ్లాలంటే మావారి ఒళ్లో కూర్చోబెట్టి వెళ్లేదాన్ని. ఏడాదిన్నర నిండినా వాడు నిలబడలేదు. నిలబెడితే కాళ్లు బట్టముక్కల్లా మడతపడేవి. మావారు భయపడి డాక్టరుకు చూపించారు. ఆయన వాడి కాళ్లు వంచి, చాచి చూసి, "వీడికేం లేదమ్మా, కింద వదలండి" అన్నాడు. తలూపాను. మళ్లీ చంకనేసుకునే రిక్షా ఎక్కాను.

రాఘవరెడ్డన్నది భువనగిరి వైపు. వ్యవసాయం చేసుకునే కుటుంబం. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు ఆయనే. యూనివర్సిటీలో బాటనీ చెప్పేవాడు. భార్య లలిత ముషీరాబాద్ వైపు ఒక ఆసుపత్రిలో నర్సు. ఆమెకు మధ్యాహ్నం డ్యూటీ పడిన వారాల్లో, పొద్దుటి క్లాసులు ముగించుకొచ్చి కూతురు పద్మను ఆయనే చూసుకునేవాడు. నీళ్లు పోసేవాడు, అన్నం పిసికి పెట్టేవాడు, జడ వేయడం రాక రిబ్బనుతో మొత్తం కట్టేసేవాడు. ఆ రోజుల్లో మగవాడు బిడ్డనెత్తుకుని వీధిలో తిరగడమంటే వింతే. ఎదురింటి ఆడిటాఫీసు గుమస్తా రోజూ వేళాకోళం చేసేవాడు.

"ఏం రెడ్డి సాబ్, ఆయా నౌకరి దొరికిందా?"

"దొరికింది సాబ్. ఛుట్టీయే ఇస్తలేరు" అనేవాడు రాఘవరెడ్డన్న, పద్మ ముక్కు తుడుస్తూ.

మా రెండు వాటాలకూ వాకిలి ఒకటే. పద్మకు మా శ్రీను ఈడే. ఒకనాడు మధ్యాహ్నం పద్మ స్టీలు గిన్నెలన్నీ వాకిట్లో పరిచి గరిటెతో మోగిస్తోంది. రాఘవరెడ్డన్న పక్కనే చాప మీద బోర్లా పడుకుని పేపర్లు దిద్దుకుంటున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. శ్రీను నా చంకలోంచి ఆ గిన్నెల వైపు వంగి చూస్తున్నాడు.

"గా పిలగాన్ని జర కింద దించరాదు చెల్లె? ఆడుకుంటడు" అన్నాడాయన.

"నేల సల్లగుంటాదిలే అన్నా."

"ఎండకాలంల సల్లగుంటె మంచిదే కదమ్మ!"

నేను లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాను. మా పాప సంగతి లలితకు అంతకుముందే చెప్పి ఉన్నాను. ఆ రాత్రి ఆమె ఆయనకు చెప్పినట్టుంది. మర్నాడు ఆయన మా గుమ్మం బయటే నిలబడి, "నాకు ఎరుకలేకుండె చెల్లె. ఊకెనే నోరు జారిన" అన్నాడు. అంతే. ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. కాసేపు కాలి బొటనవేలితో గడప రాస్తూ నిలబడి, "ఒక్కపారి లోపటికి రావచ్చునా?" అని అడిగాడు.

వచ్చి చేసిన పని చూసి నేను నోరు వెళ్లబెట్టాను. లుంగీ ఎగగట్టి, మోకాళ్ల మీద వంగి, మా గది నేలంతా పాకడం మొదలుపెట్టాడు. పిల్లవాడి ఎత్తు నుంచి చూస్తే ఏం కనబడుతుందో చూడాలట. స్టవ్వు వెనక సోడాబుడ్డిలో పోసి పెట్టిన కిరసనాయిలు దొరికింది. మంచం కింద వక్కముక్కలు, ఒక చొక్కా గుండీ. కిటికీ దిగువన మావారు గడ్డం గీసుకుని మరిచిపోయిన బ్లేడు. నీళ్లగంగాళం ముందుకెళ్లి అందులోకి తొంగిచూసి, "దీనిమీద ఎప్పుడు మూత ఉండాలె. పక్కల ఎక్కనీకె పీటసుత ఉండొద్దు" అన్నాడు. దొరికినవన్నీ గుమ్మం దగ్గర పేర్చి, "ఇగో చెల్లె, వీటికి భయపడాలె. గంతేగని నేలకు భయపడితె ఎట్ల?" అన్నాడు. ఇంకేమైనా మిగిలిందేమోనని మళ్లీ మంచం కింద దూరాడు. సరిగ్గా అప్పుడే మావారు కాలేజీ నుంచి వచ్చారు. సాటి లెక్చరరు తమ మంచం కిందినుంచి దుమ్ము కొట్టుకున్న తలతో బయటికి రావడం చూసి, "కాఫీ తాగుతారా?" అన్నారు. నేను నవ్వాను. హైదరాబాదు వచ్చాక గట్టిగా నవ్వడం అదే మొదలనుకుంటాను.

బ్లేడూ కిరసనాయిలూ అటక ఎక్కాయి. నేల రెండుసార్లు తుడిచాను. అయినా నా చేతులు వదల్లేదు. చివరికి పద్మ వచ్చి శ్రీను చేతిలోని గిలక్కాయ లాక్కుని పారిపోయింది. వాడు నా మెడ వదిలేసి కిందికి జారి, కడుపు మీద ఈదుతున్నట్టు దాని వెంట పడ్డాడు. రాఘవరెడ్డన్న గుమ్మంలోంచి, "వద్దు చెల్లె, పట్టకు, పట్టకు. పోనియ్యి" అని గుసగుసగా అరిచాడు. వానలు పడేనాటికి వాడు గంగాళం అంచు పట్టుకుని లేచి నిలబడ్డాడు. దసరాకు అడుగులు వేశాడు.

ఆ తరవాత సాయంత్రాలు యూనివర్సిటీ ఆవరణలోకి వెళ్లేవాళ్లం. అప్పట్లో అక్కడ కట్టడాలకన్నా బండరాళ్లే ఎక్కువ. పిల్లలు ఎండిన తురాయి కాయలు ఏరుకుని కత్తుల్లా తిప్పేవాళ్లు, ఊపితే లోపలి గింజలు గలగలలాడితే పడిపడి నవ్వేవాళ్లు. మోకాలెత్తు బండలు చాలా ఉండేవి. రాఘవరెడ్డన్న ఏ బిడ్డనూ ఎత్తి బండ మీద కూర్చోబెట్టేవాడు కాదు. పద్మ ఎంత గోల చేసినా సరే. "తానెక్కినంతే ఎక్కాలె. మనం ఎక్కిస్తె దిగుడు తెల్వది" అనేవాడు. అలాగని ఆయన పరమ శాంతమూర్తి అనుకోకండి. ఒకసారి పద్మ తార్నాక చౌరస్తాలో చేయి విడిపించుకుని బస్సు వస్తున్న వైపు పరుగెత్తింది. రెక్క పట్టి వెనక్కి లాగి వీపు మీద ఒక్కటి చరిచాడు. తరవాత రోడ్డు పక్క కల్వర్టు మీద కూర్చుని, ఏడుస్తున్న పిల్లను ఒళ్లో పెట్టుకుని, తను కొట్టిన చోటే చాలాసేపు నిమురుతూ ఉండిపోయాడు.

శ్రీనుకు రెండేళ్లు దాటాక ఒకరోజు మా ఇంటికి చుట్టాలొచ్చారు. నేను కదల్లేకపోయాను. వాడు చెప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఏడుస్తున్నాడు. "నేను తీస్కపోత తియ్యి" అన్నాడు రాఘవరెడ్డన్న. నేను లేకుండా వాణ్ని ఒకరి వెంట పంపడం అదే మొదటిసారి. చుట్టాలకు వడ్డిస్తూనే వాకిలి వైపు చూస్తున్నాను. పొద్దు వాలకముందే ఆయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. శ్రీను ఆయన భుజం మీద ఉన్నాడు. తెల్లచొక్కా ముందంతా నెత్తురు. పద్మ ఆయన పంచె కొస పట్టుకుని ఈడ్చుకుంటూ వస్తోంది. ఎవరో స్టూడెంటు ఏదో ఆకు తెచ్చి ఇదేం చెట్టని అడిగాడట. ఆయన అటు తిరిగిన ఆ కాస్సేపట్లో శ్రీను బండ ఎక్కి అవతలివైపుకు పడ్డాడు. కనుబొమ పైన నుదురు చీలింది.

"ఏం కాలేదు" అని ఆయన అనలేదు. "నాదే తప్పు చెల్లె. నేను గటు మర్రిన. గుడ్డ గట్టిగ ఒత్తిపట్టు, రిక్షా తెస్త" అన్నాడు.

లలిత పనిచేసే ఆసుపత్రికే వెళ్లాం. వాడి తల ఆమె పట్టుకుంది, కాళ్లు నేను పట్టుకున్నాను. కుట్లు వేస్తున్నంతసేపూ రాఘవరెడ్డన్న బయట గోడకు ముఖం పెట్టి నిలబడ్డాడట. డాక్టరు కంటికేం ప్రమాదం లేదన్నాడు. ఇంటికొచ్చాక మావారు తలుపు మూసి, "ఇంకెప్పుడూ వాణ్ని పంపొద్దు" అన్నారు. మర్నాటి నుంచి వాడు మళ్లీ నా చంకలో ఉన్నాడు.

కానీ ఈసారి వాడు ఉండనన్నాడు. కాళ్లతో నా పొత్తికడుపులో తన్నేవాడు. విల్లులా వెనక్కి వంగి, జారి, నా చీర కుచ్చిళ్లు పట్టుకుని నేల అందుకోవాలని చూసేవాడు. నొసట కట్టుతోనే "పద్దీ, పద్దీ" అని గుమ్మం వైపు చేతులు చాచేవాడు. పద్మ మాత్రం వాకిట్లో కనబడేది కాదు. వాళ్ల తలుపు వేసి ఉండేది.

కుట్లు విప్పించడానికి లలితతో కలిసి వెళ్లినప్పుడు రిక్షాలో ఆమె చెప్పింది. "ఆయన పద్మను సుత కిందికి దించుతలేడు వదినా. బజారుకు పోయినా భుజం మీదనే. గిన్నెలు తీస్తె దెబ్బ తాకుతదంటడు, మెట్లెక్కితె పడ్తవంటడు. నిద్రల ఉలిక్కిపడి లేచి పిల్ల కాళ్లు తడుముతడు. మస్తు పరేషాన్ అయితున్నడు."

ఆమె ఇంకా ఏదో చెబుతోంది. నాకు వినబడలేదు. బిడ్డ కాళ్లు చీకట్లో తడుముకోవడమంటే ఏమిటో నాకు తెలుసు. ఆ భయం పట్టుకున్న మనిషిని అంత తేలిగ్గా వదలదు. నన్ను దాంట్లోంచి లాగిన మనిషి ఇప్పుడు దాంట్లో పడ్డాడు. మా ఇద్దరి పిల్లలూ చంకల్లో వేలాడుతున్నారు.

ఆ సాయంత్రం వాళ్ల తలుపు తట్టాను. మావారికి చెప్పే వెళ్లాను. ఆయనకు ఇష్టం లేదు, అయినా ఆపలేదు. రాఘవరెడ్డన్న పద్మనెత్తుకునే తలుపు తీశాడు. గడ్డం మాసి ఉంది.

"రా అన్నా, ఆ బండ కాడికి పోదాం."

"నాతోని కాదు చెల్లె."

"నువ్వేం చేయబాకలే. ఊరికే కూచో. నేను చూసుకుంటా."

"మల్ల పడితె?"

"పడితే పడతాడు. ఇద్దరమూ ఉంటాం గదా."

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే ఆశ్చర్యం వేసింది. ఆయన నన్ను ఎగాదిగా చూసి చెప్పులు వేసుకున్నాడు.

అదే బండ. ఆయన కొంచెం దూరంలో ఒక వేపమొదలు దగ్గర కూర్చున్నాడు, పద్మను ఒళ్లో బిగించి పట్టుకుని. నేను శ్రీనును కిందికి దించాను. వాడు బండను చూశాడు, నన్ను చూశాడు. నుదుటి మచ్చ ఇంకా ఎర్రగా ఉంది. రెండు చేతులూ ఆనించి, మోకాలు పెట్టి ఎక్కడం మొదలుపెట్టాడు. ఆయన లేచి నిలబడడం ఓరకంట చూశాను, మళ్లీ కూర్చున్నాడు. వాడు పైకెక్కి, అక్కడ చతికిలబడి, చేతికందిన గులకరాయి ఒకటి కిందికి విసిరి కిలకిలా నవ్వాడు. దిగేటప్పుడు పొట్ట మీద వెనక్కి తిరిగి, కాలితో గాలిలో వెతుక్కుని, దారి దొరక్క కెవ్వుమన్నాడు. నేను ఎత్తుకోలేదు. "ఇంకొంచెం కింద నాయనా, ఉందిలే, నేల ఉంది" అన్నాను. కాలు ఆనింది.

పద్మ అప్పటికే వాళ్ల నాన్న చేతుల్ని వేలు వేలుగా విడదీస్తోంది. ఆయన వదిలేశాడు. అది పరుగెత్తుకొచ్చి శ్రీనును తోసేసి బండ పట్టుకుంది. ఆయన నా పక్కకొచ్చి నిలబడి పంచె చెంగుతో ముఖం తుడుచుకున్నాడు. పిల్లలిద్దరూ ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. కాసేపయ్యాక, వాళ్ల మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"పెద్దబిడ్డ పేరేంది చెల్లె?"

అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. నా భర్తా నేనూ కూడా ఇంట్లో ఆ పేరు ఎత్తేవాళ్లం కాదు.

"వసుంధర" అన్నాను.

"వసుంధర" అన్నాడాయన, మెల్లగా. "మంచిగున్నది." తరవాత, "నవ్వుతుండెనా మంచిగ?" అని అడిగాడు.

చెప్పాను. పైన రెండు పళ్లు వచ్చాయని, బియ్యం చేట చూస్తే చాలు పాక్కుంటూ వచ్చేదని, నా గాజులు కొరికేదని. పొద్దు గుంకేదాకా చెప్పాను. ఆయన మధ్యలో పద్మను, శ్రీనును పేరు పెట్టి కేకేస్తూనే అంతా విన్నాడు. ఆ రాత్రి మావారితో కూడా చెప్పాను. ఆయన ఏడ్చారు. పాప పోయాక ఆయన ఏడవడం నేను చూడలేదు.

కొన్నేళ్లకు రాఘవరెడ్డన్న వాళ్లు వరంగల్ వెళ్లిపోయారు. లలితకు అక్కడ మంచి ఉద్యోగం వచ్చింది. భార్య ఉద్యోగం కోసం మొగుడు కదలడమేమిటని ఎదురింటి గుమస్తా ముక్కున వేలేసుకున్నాడు. మొదట్లో రాకపోకలుండేవి, తరవాత పెళ్లిళ్లకు మాత్రమే కలిసేవాళ్లం. ఆయన పోయి చాలాకాలమైంది. శ్రీనుకు ఇప్పుడు కనుబొమ పైన మచ్చ వెతికితే గాని దొరకదు.

నాకు ధైర్యం వచ్చిందని చెప్పను. వాడు స్కూటరు కొన్ననాడు ఎంత భయపడ్డానో, మనవరాలు ఈతకు వెళ్తానన్ననాడు అంతే భయపడ్డాను. భయంతోనే పంపడం మాత్రం అలవాటైంది. ఇంకొకటి కూడా అలవాటైంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎవరైనా ఎదురైతే, మిగతావాళ్లు మాట తప్పించి వాతావరణం గురించో వంట గురించో ఎత్తుకుంటారు. నేను ఆమె పక్కన కూర్చుంటాను. సమయం చూసి, బిడ్డ పేరేమిటమ్మా అని అడుగుతాను. కొందరు లేచి వెళ్లిపోతారు. కొందరు చెప్పడం మొదలుపెడతారు, పొద్దుపోయేదాకా చెబుతూనే ఉంటారు. నేను వింటాను.