ఒళ్ళో రిక్షా చైను

ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అమలాపురం బజారులో సరుకు లారీ ఒకటి అడ్డంగా ఇరుక్కుని, మా రాజోలు బస్సు ఆగిపోయింది. పక్క సీటాయన ఒళ్ళో నూనె మరకల చైను ఉంది.

"బజారుకి అడ్డమని పొద్దున్న పోలీసులు నా సరుకు రిక్షా స్టేషనుకి పట్టుకుపోయేరండి. అక్కణ్ణించి ఎవరూ తొక్కుకుపోకుండా చైను ఊడదీసేసేను," అన్నాడు.

అంతలో ఒక కానిస్టేబులు కిటికీలోంచి ఆయన్ని గుర్తుపట్టాడు. "దిగరా! లారీ ఖాళీ చెయ్యాలి. బస్తాలు కొట్లకి చేరెయ్యి."

ఆయన చైను ఎత్తి చూపించాడు. "ఆయ్, చేరేస్తానండి. నా బండి తెప్పించండి."

కానిస్టేబులు మొహం తిప్పుకున్నాడు. బస్సులో జనం మాత్రం "దిగవయ్యా, మాకు ఆలస్యమవుతోంది" అని ఆయన మీదే విరుచుకుపడ్డారు. లారీవాణ్ణి ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు.