బండల బి.ఏ.

రెండే మాటలు. ఎన్నో ఏళ్లుగా నా గొంతులో అడ్డంపడి ఉన్నాయి. మింగుడు పడవు, బయటికి రావు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఓబులేసూ నేనూ కడప జిల్లాలో ఒకే ఊరివాళ్లం. మద్రాసులో ఒకే గదిలో ఉండి బి.ఏ. చదివాం. పట్టా చేతికి రాగానే మా పెద్దవాళ్లందరి చూపూ తాలూకా కచేరి వైపే. గుమాస్తాగా చేరితే ఏదో ఒకనాటికి తాసిల్దారు కావచ్చు. పిల్లనిచ్చేవాళ్లు మొదట అడిగేది కూడా కచేరీయా కాదా అనే. నాకు ఆ కొలువు ఇష్టమేనా? ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

ఓబులేసు తనను తాను అడిగాడు. ఎర్రగుంట్ల దగ్గర నాపరాతి గనులున్న ఒక సాయెబు గారు, మద్రాసు దొరలతో ఇంగ్లీషులో మాట్లాడి రాయి అమ్మగల మనిషి కోసం చూస్తున్నారు. వాడు వెళ్లి మాట ఇచ్చి వచ్చాడు. చిన్నప్పటినుంచీ వాడికి రాళ్ల పిచ్చి. ఏ అరుగు మీద కూర్చున్నా బండను వేలి కణుపుతో తట్టేవాడు. ఖంగుమంటే మంచి రాయి అని మురిసిపోయేవాడు.

ఆ వారంలోనే కాఫీ హోటల్లో కచేరి గుమాస్తాల మధ్య కూర్చున్నాను. ఓబులేసు లేడు. వాడి సంగతి వచ్చింది.

"వాడింక బండల బి.ఏ. లేప్పా," అన్నాను.

మా వైపు బండ అంటే నేలకు పరిచే రాయే కాదు, బుర్రలేని మొద్దు కూడా. హోటలంతా గొల్లుమంది. నాకు సంతోషం వేసింది. అవును, సంతోషమే.

మర్నాటికి ఆ పేరు ఊరంతా పాకింది. రచ్చకట్ట దగ్గర ఎవరో వాళ్ల నాయననే "బండల బి.ఏ. నాయనా" అని పిలిచారట. ఆయన బయటికి రావడం మానేశాడు. ఓబులేసు మా ఇంటికొచ్చాడు.

"ఆ పేరు ఎవరు పెట్టినారో నీకేమన్నా తెలుసునా? నాయన అన్నం గూడా తినకుండా ఉండాడు."

"నాకేం తెలుసప్పా? ఎవరో పనిలేనోళ్లు పెట్టింటారు."

వాడు పోవడానికి లేచాడు. "కచేరికే పోతాలే. నువ్వూ వస్తాండావు గదా?"

"వస్తాండా," అన్నాను.

వాడు చేరాడు. నేను చేరలేదు. సాయెబు గారికి మనిషి ఇంకా దొరకలేదని విని, మా మామను వెంటబెట్టుకుని ఎర్రగుంట్ల వెళ్లాను. ఆయన నన్ను పెట్టుకున్నారు. ఆ మాటన్న పూట నాకా పని మీద ఆశ లేదనీ, అది ఉత్త పరాచికమనీ, తర్వాత జరిగినదంతా దానంతటదే కలిసొచ్చిందనీ ఇన్నేళ్లూ నాకు నేనే నచ్చజెప్పుకుంటూ వచ్చాను. ఆశ ఉంది. అడిగే ధైర్యం లేకపోయింది. నేను అడగలేనిదాన్ని వాడు అడిగేశాడనే కడుపుమంట అది.

నన్ను ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. ఊరు దాన్ని అప్పటికే వాడికి ఇచ్చేసింది. నేను మేనేజరు గారినయ్యాను. వాడు రాజంపేట మొదలు జిల్లా అంతా బదిలీల మీద తిరుగుతూ గుమాస్తాగానే ఉండిపోయాడు.

మొన్న బదిలీ మీద పోతూ మా ఆఫీసుకొచ్చాడు. అరుగు మీద కూర్చుని, అలవాటుగా బండను తట్టి చెవి వంచాడు. "మంచి రాయప్పా, మోగుతాండాది," అని నవ్వాడు. జుట్టు నెరిసింది. చెబుదామని నోరు తెరిచాను. కాఫీ తాగుతావా అని అడిగాను.

ఆ పేరు పెట్టింది నేనే. ఇదిగో, రాసేశాను. గొంతు కాస్త తేలికైన మాట నిజమే. కానీ చెప్పింది మీకు. వాడు అడిగింది నన్ను.