వర్జ్యంలో లేచిన ఫోను

ఆ రోజుల్లో ఫోన్లకు ప్రోగ్రాములు రాస్తానంటే మా అమలాపురంలో రీచార్జి కొట్టు పెట్టాననుకునేవారు. కాదండీ, ఫలానా పెద్ద కంపెనీవాళ్లు ఊరికే ఇచ్చిన సరంజామాతో కొత్తరకం ఫోన్లకు రాస్తున్నానని వివరించేవాణ్ని. (ఊరికే ఎందుకిచ్చారో వాడినకొద్దీ తెలిసింది.) అలాంటి ఫోను కొనే స్తోమత నాకెక్కడిది? అందుకని కంప్యూటర్ తెరమీదే ఒక ఉత్తుత్తి ఫోను లేచేది. దాన్ని లేపి, స్నానం చేసి, టిఫిను తినొచ్చినా ఇంకా కంపెనీ బొమ్మే మెరుస్తుండేది. పైగా కొత్త సరంజామా దింపుకోమని ఒకటే పోరు. దింపుకుంటే నిన్న నడిచిన ప్రోగ్రాం ఇవాళ తప్పులతడక. మా మేనత్త కొడుకు బావేమో పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తూ హాయిగా తిరిగేవాడు. నొక్కగానే పనిచేసే వస్తువు వాడి చేతిలో ఉందని నాకు ఒళ్లు మండిపోయేది.

మా పెదనాన్నగారిది కొబ్బరికాయల వ్యాపారం. వర్జ్యం చూడందే లారీ కదలనిచ్చేవారు కాదు. ముక్తేశ్వరం తోటల్లో ఉన్నప్పుడల్లా పంచాంగం చూసి చెప్పమని ఇంటికి ఫోన్ చేస్తే పెద్దమ్మ విసుక్కునేది. చివరికి నన్నూ బావనూ పిలిచి, "పంచాంగం ఫోనులో కనబడేలా చెయ్యండర్రా. ముందెవరు చూపిస్తే కొట్టుమీద గది వాళ్లది. అద్దె కూడా వద్దు" అన్నారు. ఆఫీసు పెట్టుకోవాలని నేను ఎన్నాళ్లుగానో కన్నేసిన గది అది. బావకూ స్టూడియో పెట్టడానికి అదే కావాలి. కెమెరా తప్ప ఏమీ తెలియనివాడు నాకు పోటీయా అని లోలోపల నవ్వుకున్నాను.

ప్రోగ్రాం పూర్తయింది. ఆ కొత్తరకం ఫోను తరవాత కొనుక్కోవచ్చు, ముందు కంప్యూటర్లో చూస్తానని పెదనాన్నగారు మంచి ఘడియ చూసుకుని మరీ మా ఇంటికి వచ్చారు. ఉత్తుత్తి ఫోనును లేపాను. బొమ్మ మెరుస్తోంది. ఆయన కాఫీ తాగారు, పేపరు చదివారు, అమ్మతో ఊళ్లో సంగతులన్నీ మాట్లాడారు.

"ఇంకా లేవలేదేంట్రా?"

"ఆయ్, వచ్చేస్తోందండి."

వచ్చింది. నేను ముచ్చటపడి పెట్టుకున్న ఎర్ర అక్షరాలు తెరనిండా వెలిగాయి: ఇప్పుడు వర్జ్యం. శుభకార్యాలు ప్రారంభించరాదు.

పెదనాన్నగారు గోడ గడియారం చూసి, ఒప్పుకోలుగా తలూపి లేచారు. "బాగా రాసేవురా. కానీ నీ ఫోనే వద్దంటుంటే గది ఎలా ఇమ్మంటావు? రేపు వస్తాలే."

ఆ రాత్రే కంపెనీవాళ్ల కొత్త సరంజామా దిగింది. దాంతో తెల్లారేసరికి నా పంచాంగం అసలే తెరుచుకోలేదు. పెదనాన్నగారి కొట్టుకెళ్లి గడువడుగుదామనుకుంటే, అప్పటికే బావ అక్కడ ఉన్నాడు.

"పంచాంగం పేజీలన్నీ ఫొటోలు తీసి మీ ఫోనులోనే పెట్టేసేనండి, మావయ్యగారూ. ఇలా నొక్కితే పేజీ తిరుగుద్దండి."

పెదనాన్నగారు నొక్కారు, తిరిగింది. మళ్లీ నొక్కారు, మళ్లీ తిరిగింది. చంటిపిల్లాడిలా నవ్వుతూ తాళంచెవి బావ చేతిలో పెట్టారు. నాకు ఏడుపొకటే తక్కువ.

బావ తాళంచెవి జేబులో వేసుకుంటూ నావైపు తిరిగాడు. "నీ కంప్యూటరూ తెచ్చేసుకోరా. అంత గది నాకెందుకు?"

వద్దందామనుకునే తెచ్చుకున్నాను. ఆ మూలన కూర్చుని, తెరమీద బొమ్మ మెరిసినంతసేపూ వాడి గిరాకీని లెక్కపెడుతూ కుళ్లిపోయేవాణ్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అలా కుళ్లుకుంటూ పొద్దున్నా సాయంత్రం నేను తాగిన టీలు వాడు తెప్పించినవే. ఒక్కనాడైనా వాడికి నేను తెప్పించినట్టు గుర్తులేదు.