సిలిండర్ వచ్చిన వేళ నా నిరోధం

నవ్వారంటే టీ కప్పులు లాక్కుంటా, ముందే చెప్తున్నా! మొన్న శనివారం నుంచి ఒళ్ళు మండిపోతోంది. ఎవరి మీదో కాదు, నా మీదే.

మా ఆదివారం ధ్యానం బ్యాచ్ తెలుసుగా? రిటైర్డ్ హెడ్మాస్టరు సూర్యారావు గారు నడుపుతారు. ఆయన నిరోధం గురించి చెప్పారు. బౌద్ధ ధ్యానంలో అదో పెద్ద స్థితిట. ఎరుక, అనుభూతి రెండూ ఆగిపోతాయిట. పక్కన పిడుగు పడ్డా తెలీదుట. "అదే జ్ఞానోదయమని కొందరంటారు, కాదని కొందరు" అన్నారు. ఆ చర్చతో నాకేం పని? నాకది కావాలి, అంతే! మొన్న ఆదివారం బ్యాచ్ పదిహేనుమందికీ మా ఇంట్లోనే భోజనాలు. ఆలోపు సాధించేసి, సాంబారు వడ్డిస్తూ చెప్దామని నా ప్లాను.

శనివారం పొద్దున్నే తలుపేసుకుని కూర్చున్నా. వంటింట్లో గ్యాస్ అయిపోయి రెండ్రోజులు. బుక్ చేసి నెల దాటింది. పావుగంటయిందో లేదో, తలుపు దబదబా!

"మేడమ్ గోరూ! గ్యాసండీ! బేగి తియ్యండి!"

వినపడింది! శుభ్రంగా వినపడింది! కానీ లేస్తే నిరోధం పోదూ? ఏది తగిలినా దాని పేరు మనసులో అనుకుని వదిలెయ్యమన్నారు మాస్టారు. "శబ్దం, శబ్దం" అనుకున్నా.

"ఏటండీ, ఇంట్లో ఎవులూ నేరా?"

"ప్రశ్న, ప్రశ్న."

"ఎల్లిపోతన్నానండీ!"

"వెళ్ళడం, వెళ్ళడం."

అతని గ్యాస్ రిక్షా గొలుసు చప్పుడు దూరమవడం కూడా ఎంత శ్రద్ధగా గమనించాననుకున్నారు! అప్పుడు వెలిగింది, వెళ్ళిందేమిటో.

చెప్పుల్లేకుండా బలిఘట్టం రోడ్డు మీద పరుగు. బండి దొరికింది, సిలిండర్ దొరకలేదు. "తలుపు తియ్యనేదని వేరేవోలకి ఇచ్చేసినానండి. మల్లీ బుక్కు సెయ్యండి" అన్నాడు. నడిరోడ్డు మీద కేకలేశా. అతని తప్పేమీ లేదని తెలుసు. తెలిసే అరిచా!

వెనకాల కూరల సంచితో సూర్యారావు గారు. సంగతంతా విని, "నిరోధంలోకి వెళ్ళేముందు, భిక్షువుల సంఘం పిలిస్తే లేస్తానని సంకల్పం చెప్పుకోవాలమ్మా" అన్నారు.

"గ్యాస్ బండి సంఘం కాదుగా మాస్టారూ!"

"పోనీ, కోపమొచ్చిందని బెంగపడకండి. జ్ఞానానికి నాలుగు మెట్లు. కోపం పూర్తిగా పోయేది మూడో మెట్టు మీదే."

"మెట్ల సంగతి తర్వాత! రేపు పదిహేనుమందికి వండాలి. మీ ఇంట్లో రెండో సిలిండర్ ఉందిగా, ఇప్పిస్తారా?"

మాస్టారి కళ్ళు సగం మూతపడ్డాయి. మొహంలో కదలికే లేదు. "మాస్టారూ!" అని మూడుసార్లు పిలిచా. పలకలేదు. సంచి చేత్తో పట్టుకుని ప్రశాంతంగా ఇంటివైపు నడిచి వెళ్ళిపోయారు.

వినపడకపోవడమంటే అదండీ! నేనింకా కిరసనాయిలు స్టవ్వుకి పంపు కొట్టే మెట్టు మీదే ఉన్నా.