పంతొమ్మిది శాలువాలు

భుజంగరావు గారు భిలాయి స్టీలు ప్లాంటు స్టోర్సులో ముప్ఫై నాలుగేళ్లు పనిచేశారు. ఆ ముప్ఫై నాలుగేళ్లలో ఒక్క బోల్టు కూడా ఆయన్ని ఏమార్చి కౌంటరు దాటలేదు. సామాను కావాలని చీటీ పట్టుకొచ్చినవాడు ఎంత పెద్ద ఇంజనీరైనా సరే, ముందు ఆ చీటీని ఆయన తిరగేసి బోర్లేసి వెలుతురుకి పెట్టి చూసేవారు. తేదీ ఉంటే సంతకం సరిగా లేదనేవారు. సంతకం ఉంటే సామాను నంబరు కనబడటం లేదనేవారు. అన్నీ ఉంటే టీ తాగి వచ్చేవారు. వచ్చాక, "రేపు రండి" అనేవారు. ఇదంతా ఆయన లంచానికి చేసేవారనుకుంటే పాపం తగులుతుంది. ఉత్త ప్రేమతో చేసేవారు. అరలు నిండుగా ఉంటేనే ఆయనకి అన్నం సహించేది.

అలాంటి మనిషి పోయినేడాది ఏప్రిల్ నెలాఖరున రిటైరై, సెక్టారులోని కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, వైశాలి నగర్‌లో సొంతింటికి వచ్చేశారు. ఇల్లుంది, పొద్దుటి నడక ఉంది, డాక్టరు మెచ్చుకునే రక్తపోటు ఉంది. లేనిదల్లా తనని ఏదైనా అడిగే మనిషి. భార్య గౌరీదేవి ముప్ఫై అయిదేళ్లుగా ఏ చీటీ లేకుండానే ఇల్లు నడుపుతోంది. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో ఆయనకి తెలియదు కాబట్టి ఎవరూ ఆయన్ని అడగరు. ఎదుట నిలబడినవాణ్ణి రేపు రమ్మనే భాగ్యం పోయాక పొద్దెలా గడుస్తుంది? నిజంగానే ఆయన కుంగిపోయారు. పైకి చెప్పుకునే బాధ కాదు కనుక పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవారు.

నవంబరులో ఒకరోజు గౌరీదేవి నోరు జారింది.

"ఏవండీ, బీరువా తలుపు పడట్లేదు. హథ్‌ఖోజ్‌లో మీ ఫ్రెండు బీరువాల షెడ్డుంది కదా, ఇంకో బీరువా చేయించండి."

ఆయన పేపరు దించారు. "అంటే మూడో బీరువా. స్టాకు వెరిఫికేషన్ లేకుండా కొత్త బీరువా ఎలా ఇస్తారు?"

"స్టాకేటి? చీరలండీ అవి."

వెరిఫికేషన్ మూడు రోజులు సాగింది. గౌరీదేవి చీరలు నూట పన్నెండు తేలాయి. అందులో ఫాల్ కుట్టనివి పదిహేడు. ఎవరో పెడితే వచ్చి, ఇంకెవరికో పెట్టడానికి ఎదురుచూస్తున్నవి ఇరవై మూడు. మనిషికి ఎన్ని బట్టలు చాలు అన్న ప్రశ్న మీద ఆయన ఒక పూటంతా ఆలోచించి, ఏడు జతలని తేల్చారు. వారానికి ఏడు రోజులు గనుక.

"మరి పండక్కో?" అంది గౌరీదేవి.

"పండగ కూడా వారంలోనే వస్తుంది కదా."

"పెళ్లికో?"

"పెళ్లి మాత్రం వారం బయట చేస్తారా?"

ఈ తర్కం విని గౌరీదేవి వంటింట్లోకి వెళ్లిపోయింది. అయితే భుజంగరావు గారు మరీ కర్కోటకులు కారు. చీరలకి ఆరు నెలలు గడువిచ్చారు. స్టోర్సులో ప్రతి సామాను పక్కనా ఒక అట్టముక్క వేలాడుతుంది. ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు వెళ్లింది అందులో రాస్తారు. బిన్ కార్డంటారు దాన్ని. పాత శుభలేఖలు కత్తిరించి నూట పన్నెండు బిన్ కార్డులు తయారు చేసి, ఒక్కో చీరకీ దారంతో కట్టారు. డిసెంబరు ఒకటి నుంచి మే నెలాఖరు లోపల ఏ చీర కార్డు మీద ఒక్క తేదీ అయినా పడదో, అది వాడకంలో లేని సరుకు. పాతబట్టలకి స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ వీధిలోకి రాగానే దాన్ని ఇచ్చేయాలి.

గౌరీదేవి పోట్లాడలేదు. ఆవిడ పోట్లాడలేదంటే భయపడాలన్న సంగతి ఇన్నేళ్ల కాపురంలో ఆయన నేర్చుకుని ఉండాల్సింది.

డిసెంబరు రెండో తేదీ పొద్దున్నే గౌరీదేవి మామిడిపండు రంగు పట్టుచీర కట్టి, చేతిలో గోనెసంచీతో గుమ్మం దిగింది. పక్కింటి రజనీకుమారి కళ్లింత చేసుకుని చూసింది.

"ఎక్కడికి దీదీ, పెళ్లికా?"

"కాదమ్మా. వంకాయలకి."

ఆ మర్నాడు ఎర్రంచు చీర కట్టి కరెంటు బిల్లు కట్టొచ్చింది. ఆ పై రోజు జరీ పువ్వుల చీరలో డాబా మీద వడియాలు పెట్టింది. కొన్ని రోజులు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. సుపేలా బజారులో కూరలమ్మే వాళ్లు ఆవిడ కోసం త్రాసు తుడిచేవారు. ఎవరింట్లో ఏ శుభకార్యం జరుగుతోందో తెలియక, తమని పిలవలేదేమోనని వీధిలో ఇద్దరు ముగ్గురు అలిగారు కూడా. కట్టిన ప్రతి చీర కార్డూ మర్నాడు పొద్దున ఆయన బల్ల మీదికి వచ్చేది. ఆయన కళ్లజోడు పెట్టుకుని తేదీ వేసి, కింద పొట్టి సంతకం చేసేవారు.

ఆవిడ ఎత్తు తెలుసుకోలేనంత అమాయకులేం కారాయన. రెండో వారానికే అర్థమైంది. కానీ ఏడు నెలల తర్వాత ఒక మనిషి చేతిలో కార్డుతో తన ఎదుట నిలబడి, సంతకం అయ్యేదాకా కదలకుండా ఉంటోంది. అది ఎందుకు చెడగొట్టుకోవాలి? ఒకసారి, కార్డు అంచు చిరిగిందని చెప్పి ఆవిడని రేపు రమ్మన్నారు. ఆ పూట ఆయన రెండు చపాతీలు ఎక్కువ తిన్నారు.

మే నెల ఇరవై అయిదుకి నూట పన్నెండు కార్డుల మీదా తేదీలు పడ్డాయి. మూడో బీరువా ఇక తప్పదని ఆయన ఒప్పుకోబోతుండగా, గౌరీదేవి కొంగు దోపుకుని ఆయన బీరువా తెరిచింది.

పై అరలో ఏడు చొక్కాలు బుద్ధిగా ఉన్నాయి. కింది రెండు అరల నిండా ప్లాస్టిక్ కవర్లలో శాలువాలు. రిటైరైనప్పుడు సెక్షను సెక్షనుకీ పిలిచి ఒక శాలువా, ఒక కొబ్బరికాయ ఇచ్చారు. కొబ్బరికాయలు నెలరోజుల్లో పచ్చడైపోయాయి. శాలువాలు మిగిలాయి.

"పంతొమ్మిది," అని లెక్కపెట్టింది గౌరీదేవి. "వీటికి కార్డులేవీ?"

"అవి ముట్టుకోకు. ఆ గోధుమరంగుది రోలింగ్ మిల్లు వాళ్లది. ఆ పచ్చది క్యాంటీన్ వాళ్లది." ఏది ఎవరు కప్పారో, కప్పేటప్పుడు ఏమన్నారో పంతొమ్మిదింటికీ ఆయన చెప్పగలరు. "అవి ఇన్సూరెన్స్ స్పేర్స్. అంటే నీకు తెలీదు. పదేళ్లు వాడకపోయినా ఉంచాలి. ఒక్కరోజు లేకపోతే మిల్లు ఆగిపోతుంది."

"ఈ శాలువా లేకపోతే ఏ మిల్లు ఆగిపోద్దండీ?"

గౌరీదేవి శుభలేఖ అట్టలు పంతొమ్మిది కత్తిరించి, ఖాళీ కార్డులు కట్టింది. "మీ రూలే. నెలాఖరు దాకా టైముంది. లేదంటే గిన్నెలావిడ వస్తాది. ఓ జల్లెడైనా ఇస్తాదేమో."

భిలాయిలో మే చివర మొదలయ్యే తొమ్మిది మండుటెండ రోజుల్ని నౌతపా అంటారు. ఆ రోజుల్లో పదకొండు దాటితే కుక్కలు కూడా రోడ్డు మీదికి రావు. ఇరవై ఆరో తేదీ పదిన్నరకి భుజంగరావు గారు గోధుమరంగు ఉన్ని శాలువా నిండుగా కప్పుకుని పాలప్యాకెట్టుకి బయల్దేరారు. గౌరీదేవి పట్టుచీరతో వంకాయలకి వెళ్లగా లేంది, తను శాలువాతో పాలకి వెళ్లకూడదా? తేడా వీధి చివరకి వెళ్లేసరికి తెలిసింది. ఆవిడ చీర చూసి అందరూ ఏం శుభకార్యమని అడిగారు. ఆయన్ని చూసి అందరూ జ్వరం ఎన్ని రోజుల్నుంచని అడిగారు. మెడికల్ షాపువాడు అడక్కుండానే మాత్రల పట్టీ తీశాడు. అది తన సన్మానమని ఒక్కడికీ తట్టలేదు.

వెనక్కి తిరుగుతుంటే స్కూటరు ఆగింది. శ్యామసుందర్. ప్లాంటులో ఒక సెక్షను క్లర్కు, నలభై ఏళ్లుంటాయి, పుట్టి పెరిగింది భిలాయిలోనే.

"అరే సర్! తబియత్ ఖరాబయిందా ఏటి, జ్వరమా?"

"లేదు. వాడకంలో పెట్టాను," అన్నారు భుజంగరావు గారు, కనుబొమల మీంచి చెమట తుడుచుకుంటూ.

శ్యామసుందర్ శాలువా అంచు పట్టుకుని చూశాడు. "ఇది ఎక్కడ దొరికింది సర్? ముప్ఫై ఒకటికి మా దగ్గర నలుగురు రిటైరవుతున్నారు. మార్కెట్టంతా తిరిగేశాను. ఈ గర్మీలో శాల్ ఏటి, దివాలీ కే బాద్ ఆవో, చలికాలం వస్తేనే స్టాకు అంటున్నారు. మీ దగ్గర ఇంకా ఉన్నాయా?"

భుజంగరావు గారికి ఆ ఎండలో ప్రాణం లేచొచ్చింది. "ఉన్నాయి," అన్నారు. గొంతు సవరించుకుని, "ఇంటికి రా. చీటీ రాసుకుని రా," అన్నారు.

ఇరవై ఏడున శ్యామసుందర్ చీటీతో వచ్చాడు. భుజంగరావు గారు వసారాలో బల్ల వేసుకుని కూర్చున్నారు. చీటీని తిరగేశారు, బోర్లేశారు, వెలుతురుకి పెట్టారు. నాలుగు శాలువాలు అని రాసుంది. తేదీ ఉంది. శ్యామసుందర్ సంతకం ఉంది.

"ఇన్‌ఛార్జి సంతకం ఏది?"

"సర్, ఇది ఘర్ కా మామ్లా కదా, మనలో మనకి సంతకాలేటి."

"రేపు రా."

శ్యామసుందర్ ఆయన వంక ఓసారి చూసి, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న గౌరీదేవి, "ఉన్నాయి కదా, ఇచ్చేస్తే ఏటయిపోద్ది?" అంది.

"అడగ్గానే ఇస్తే అది స్టోర్సెలా అవుతుందే?" అన్నారాయన. ఆ మధ్యాహ్నం ఆయన గురకపెట్టి నిద్రపోయారు.

మర్నాడు నాలుగు శాలువాలు తీసి, ఎండలో వేసి, మడతలు సరిచేసి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. శ్యామసుందర్ రాలేదు. ఇరవై తొమ్మిదిన గేటు చప్పుడైన ప్రతిసారీ పెన్ను మూత తీశారు. ఒకసారి కొరియరు, ఒకసారి ఆవు. ముప్ఫయ్యో తేదీ పొద్దున పరువు పక్కన పెట్టి ఫోన్ చేశారు.

"ఛోడియే సర్, వదిలేయండి, బొకేలు చెప్పేశాం," అన్నాడు శ్యామసుందర్. వాడి గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. "మీరేటీ అనుకోకండి. మాకు ఆదతే, అలవాటైపోయింది కదా. మీ టైములో కూడా సగం సామాను అడక్కుండానే సర్దుకునేవాళ్లం."

"సర్దుకునేవాళ్లమంటే?"

"అదే సర్. పాత బోల్టు మళ్లీ వేసేసేవాళ్లం. గ్లవ్స్ చిరిగితే గుడ్డ చుట్టుకునేవాళ్లం. మీ దగ్గరికి నాలుగుసార్లు రావడం కన్నా అదే నయం కదా."

ఆయన ఫోన్ పెట్టేసి, బల్ల మీది పెన్నుకి మూత పెట్టేశారు. నిండుగా ఉన్న తన అరలు గుర్తొచ్చాయి. ఏటా ఆడిట్‌కి వచ్చినవాళ్లు భుజం తట్టి మెచ్చుకున్న అరలు. అవి అంత నిండుగా ఎలా ఉన్నాయో ఇన్నేళ్లూ ఆయన ఆలోచించలేదు. సిగ్గేసింది. అన్నానికి పిలిస్తే కాసేపాగి వస్తానన్నారు.

ముప్ఫై ఒకటి మధ్యాహ్నం ఆయన నాలుగు శాలువాలు సంచీలో పెట్టారు. మళ్లీ బీరువా దగ్గరికెళ్లి నిలబడ్డారు. నెల నెలా ఎవరో ఒకరు రిటైరవుతూనే ఉంటారు. మిగతావి కూడా తీశారు.

"ఒకటైనా ఉంచుకోండి," అంది గౌరీదేవి.

"ఏదని ఉంచను? ఒకళ్లది ఉంచుకుంటే మిగతా పద్దెనిమిది మందినీ కాదన్నట్టే కదా."

గౌరీదేవి సంచీలోంచి గోధుమరంగుది పైకి లాగింది. "ఇదెలాగూ పనికిరాదు. మీ చెమట పట్టేసింది." దాన్ని ఆయన చొక్కాల పక్కన పెట్టింది.

వీడ్కోలు సభ క్యాంటీన్ పక్క హాల్లో. ముప్ఫై నాలుగేళ్లలో స్టోర్సు తనంతట తాను నడిచి మనుషుల దగ్గరికి రావడం అదే మొదలు. శ్యామసుందర్ సంచీ చూసి కంగారుపడ్డాడు. బొకేల పక్కన శాలువాలు చేరాయి. మిగిలిన పద్నాలుగూ జూను, జూలైలకి నీ దగ్గరే ఉంచుకోమని భుజంగరావు గారు చెప్పారు. చీటీ సంగతి ఎత్తలేదు. తెచ్చిన పెద్దమనిషే కప్పాలని అందరూ ఆయన్ని ముందుకు తోశారు.

మూడోవాడు సత్యారావు, గ్యాస్ మంటతో ఇనుము కోసే కట్టరు. చేతుల మీద నిప్పురవ్వల మచ్చలు చిన్నవీ పెద్దవీ మోచేతుల దాకా ఉన్నాయి. భుజంగరావు గారు శాలువా భుజాల చుట్టూ కప్పి, అంచులు సరిచేశారు. సత్యారావు ఉన్ని మీద ఓసారి చెయ్యి వేసి చూసుకున్నాడు. తర్వాత, ఏళ్ల తరబడి స్టోర్సు కౌంటరు దగ్గర అలవాటైన వినయంతో, ఆ చెయ్యి పెన్ను కోసం ముందుకు చాచాడు.

"సంతకం ఎక్కడెట్టమంటారు సార్?"

హాలంతా గొల్లున నవ్వింది. సత్యారావు నవ్వలేదు, నిజంగానే అడిగాడు. భుజంగరావు గారు ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నారు. ఆ మచ్చల్ని బొటనవేలితో తడిమారు. నాలుగో మనిషి వేదిక మీద ఎదురుచూస్తున్నా ఆ చెయ్యి వదల్లేదు.